సందేశం పంపే అనుమతి ఎవరిచ్చారు?

2021 మార్చి 8న దేశమంతటా చాలామందికి ఓటీపీలు రావడం ఆగిపోయింది. బ్యాంకు ఖాతా తెరవబోయినవారికి, కార్డుతో డబ్బు కట్టబోయినవారికి, అరవై దాటినవారి కోసం ఆ నెలలోనే మొదలైన కొవిడ్ టీకాకు కొవిన్ పోర్టల్‌లో పేరు రాయించుకోబోయినవారికి ఆ అంకెలు అందలేదు. సర్వర్లు కూలిపోలేదు, ఎవరూ సైబర్ దాడి చేయలేదు. అక్కర్లేని వాణిజ్య సందేశాలను అరికట్టడానికి టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల్లో ఒకటి ఆ రోజు అమల్లోకి వచ్చింది, అంతే. ఒక వ్యాపార సంస్థ పంపే ప్రతి ఎస్సెమ్మెస్‌నూ ముందే నమోదు చేయించిన నమూనాతో, అంటే టెంప్లేటుతో, పోల్చి చూడాలి, తేడా ఉంటే ఆపేయాలి అన్నది ఆ నిబంధన. ఆ రంగంలోవాళ్లు దీన్ని స్క్రబ్బింగ్ అంటారు. చాలా సంస్థలు తమ టెంప్లేట్లు నమోదు చేయించలేదు. నమోదు చేయించినవారిలోనూ కొందరి సందేశాలు టెంప్లేటుతో సరిపోలలేదు. మర్నాడే ట్రాయ్ ఆ తనిఖీని 7 రోజులపాటు నిలిపివేయాల్సి వచ్చింది.

స్పామ్ చట్టాల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా విసుగు గురించే మాట్లాడుకుంటాం. భోజనానికి కూర్చోగానే ప్లాట్లు అమ్ముతామని వచ్చే ఫోను, అడగని అప్పు ఇస్తామనే మెసేజ్. ఆ విసుగు నిజమైనదే. కానీ 2021 మార్చి చూపించింది వేరే సంగతి. ఆన్‌లైన్ వ్యాపారమంతా నడిచేది ఆ ఎస్సెమ్మెస్, ఈమెయిల్, ఫోన్ మార్గాల మీదే. ఆర్డరు ఖరారు, డెలివరీ కబురు, చెల్లింపు ఓటీపీ, పండగ ఆఫరు అన్నీ ఒకే దారిన వస్తాయి. ఆ దారిలో చెత్త పేరుకుపోతే జనం మెసేజ్‌లు చూడడమే మానేస్తారు. చెత్త ఏరే చేయి మొరటుగా ఉంటే అవసరమైన కబురూ కొట్టుకుపోతుంది. ఈ రెండు నష్టాల మధ్య ఏ దేశం ఎలా నడిచింది, మనం ఎక్కడున్నాం అని చూడడమే ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దేశం ఇన్నాళ్లూ మార్గానికి కాపలా కాసింది కానీ పంపేవాడిని "నీకు అనుమతి ఎవరిచ్చారు" అని అడగలేదు. అందుకే ఒక మార్గం మూసినప్పుడల్లా స్పామ్ పక్క మార్గంలో తేలింది.

సమస్య ఇంటర్నెట్ కంటే పాతది. 1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి సందేశం పంపాడు. పరిశోధన కోసం కట్టిన వ్యవస్థలో అమ్మకం కబురా అని తిట్లు పడ్డాయి. 1994లో ఆరిజోనాకు చెందిన ఇద్దరు ఇమ్మిగ్రేషన్ లాయర్లు గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తులు నింపిపెడతామంటూ యూజ్‌నెట్‌లోని వేల చర్చా బృందాల్లో ప్రకటన కుమ్మరించారు. ఆ తర్వాత పదేళ్లు చట్టసభలకు ఆలోచించుకోవడంతోనే సరిపోయింది.

ఆలోచించాక దేశాలు రెండు దారులు పట్టాయి. ఒకదానిలో ఎవరైనా ఎవరికైనా పంపవచ్చు, వద్దంటే ఆపాలి. రెండోదానిలో ముందు అడగాలి, సరే అంటేనే పంపాలి. వ్యాపారం మీద పడే ప్రభావమంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది. జరిమానా ఎంత, జైలు ఎంతకాలం అన్నవి దాని తర్వాతి సంగతులు.

అమెరికా మొదటి దారి పట్టింది. అక్కడి క్యాన్-స్పామ్ చట్టంపై 2003 డిసెంబరులో సంతకం అయింది, 2004 జనవరి 1 నుంచి అమలైంది. అది అడిగేవి కొన్నే. ఎవరు పంపారో అబద్ధం చెప్పకూడదు. సబ్జెక్ట్ లైన్ మోసం చేయకూడదు. ప్రకటన అయితే ప్రకటన అని తెలియాలి. నిజమైన పోస్టల్ చిరునామా ఉండాలి. ఇకమీదట వద్దు అని చెప్పే దారి ఉండాలి, చెప్పిన 10 పనిదినాల్లో ఆపాలి. ముందస్తు అనుమతి మాట అందులో లేదు. ఆ చట్టం చేసిన ఇంకో పనికి వ్యాపారులు సంతోషించారు, వినియోగదారుల సంఘాలు మండిపడ్డాయి. కాలిఫోర్నియా అదే ఏడాది అనుమతి తప్పనిసరి చేస్తూ, మెయిల్ అందుకున్నవారే దావా వేసే వీలు కల్పిస్తూ చట్టం చేసింది. అదీ 2004 జనవరి 1నే అమలు కావాలి. కేంద్ర చట్టం రాష్ట్రాల చట్టాలను పక్కకు నెట్టింది. మోసాన్ని అడ్డుకునే భాగాలు తప్ప మిగతావి చెల్లకుండా పోయాయి. కేంద్ర చట్టం కింద మామూలు పౌరుడు కోర్టుకు వెళ్లలేడు. వెళ్లగలిగేది ప్రభుత్వ సంస్థలు, ఇంటర్నెట్ సేవలందించే కంపెనీలు.

అమెరికన్ ఈమెయిల్ మార్కెటింగ్ ఇంత పెద్ద పరిశ్రమ కావడానికి ఈ వెసులుబాటు ఒక కారణం అనడంలో సందేహం లేదు. ఒక చిన్న దుకాణదారు చిరునామాల జాబితా సంపాదించుకుని మొదటి మెయిల్ పంపడానికి భయపడనక్కర్లేదు. అయితే చట్టానికి కోరలు లేవనుకుంటే పొరపాటు. ఒక్కో మెయిల్‌కు గరిష్ఠ జరిమానా ఇప్పుడు 53 వేల డాలర్లు దాటింది. 2024 ఆగస్టులో భద్రతా కెమెరాల సంస్థ వెర్కాడా 29.5 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మూడేళ్లలో 3 కోట్లకు పైగా మెయిళ్లు పంపి, వద్దనే దారి ఇవ్వకపోవడం, వద్దన్నవారిని వదలకపోవడం వంటివి ఆ సంస్థపై ఆరోపణలు. అదే అమెరికాలో ఫోన్లు, ఎస్సెమ్మెస్‌ల విషయంలో 1991 నాటి వేరే చట్టం ఉంది. దాని కింద అందుకున్న మనిషే ఒక్కో సందేశానికి 500 నుంచి 1,500 డాలర్ల దాకా పరిహారం కోరవచ్చు. ఒకే దేశం, ఒకే వ్యాపారి, ఒకే ఆఫరు. మెయిల్‌లో పంపితే అడగక్కర్లేదు, మెసేజ్‌లో పంపితే అడగాలి. మార్గాన్ని బట్టి చట్టం మారడం మన ఒక్కరి జబ్బు కాదన్నమాట.

యూరప్ 2002 నాటి ఆదేశంతో రెండో దారి పట్టింది. ముందు అనుమతి తీసుకోవాలి. ఒక మినహాయింపు ఉంది. మీ దగ్గర ఇంతకుముందు కొన్న మనిషికి అలాంటి సరుకు గురించే చెప్పవచ్చు, ప్రతిసారీ వద్దనే వీలు ఇస్తే. 2018 మే 25 నుంచి సమాచార రక్షణ నిబంధన జీడీపీఆర్ అమలయ్యాక అనుమతి అనే మాటకు అర్థం ఇంకా గట్టిపడింది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి ఇక అనుమతి కాదు. జర్మనీలో అయితే వ్యాపారులు చిరునామా ఇచ్చినవారికి మళ్లీ ఒక ధ్రువీకరణ మెయిల్ పంపి, అందులో నొక్కితేనే జాబితాలో చేర్చడం మామూలు పద్ధతిగా పెట్టుకున్నారు. కోర్టులో అనుమతి రుజువు చేయాల్సింది తామే కాబట్టి.

ఈ చట్టాల పదును ఎంతో తెలియాలంటే బ్రిటన్‌లో 2017 మార్చిలో జరిగింది చూడాలి. జీడీపీఆర్ రాబోతోంది కదా, మన జాబితా శుభ్రం చేసుకుందామని విమాన సంస్థ ఫ్లైబీ 33 లక్షల మందికి "మీ వివరాలు సరిగా ఉన్నాయా, మా ఆఫర్లు కావాలా" అని మెయిల్ పంపింది. వాళ్లంతా అంతకుముందే మార్కెటింగ్ మెయిళ్లు వద్దన్నవాళ్లు. సమాచార కమిషనర్ 70,000 పౌండ్ల జరిమానా వేశారు. హోండా కార్ల సంస్థ బ్రిటన్ విభాగానికి ఇలాంటి పనికే 13,000 పౌండ్లు పడింది. అనుమతి అడగడానికి పంపే సందేశమూ మార్కెటింగే అని ఆ రెండు తీర్పులు తేల్చాయి. అన్యాయంగా తోచవచ్చు. నాకు మాత్రం సరైనదనే అనిపిస్తుంది. వద్దని ఒకసారి చెప్పిన మనిషిని మళ్లీ అడిగే హక్కు ఉంటే, ఆ అడగడానికి అంతు ఉండదు.

కెనడా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తెలుగు వ్యాపారులకు అది నేరుగా తగిలే చట్టం. 2010 చివర్లో ఆమోదం పొంది 2014 జూలై 1న అమలైన ఆ చట్టం ప్రపంచంలోనే గట్టివాటిలో ఒకటి. సంస్థలకు గరిష్ఠ జరిమానా కోటి కెనడా డాలర్లు, వ్యక్తులకు 10 లక్షలు. స్పష్టమైన అనుమతి ఉండాలి. కొనుగోలు జరిగి ఉంటే రెండేళ్లపాటు, ఊరికే ఆరా తీసి ఉంటే ఆరు నెలలపాటు అనుమతి ఉన్నట్టే భావిస్తారు. గడువు దాటాక పంపితే తప్పే. అనుమతి ఉందని నిరూపించే బాధ్యత పంపినవాడిదే. అన్నిటికంటే ముఖ్యం, పంపినవాడు ఏ దేశంలో ఉన్నాడన్నది ఇక్కడ అడ్డు కాదు. సందేశాన్ని కెనడాలోని కంప్యూటర్‌లో తెరిచినా చట్టం వర్తిస్తుంది. రాజమండ్రిలోనో గుంటూరులోనో పచ్చళ్లు పెట్టి టొరంటోలోని తెలుగు ఇళ్లకు పార్సిల్ చేసే చిన్న వ్యాపారిని తలుచుకోండి. మూడేళ్ల క్రితం ఒక్కసారి ఆవకాయ తెప్పించుకున్నావిడకు సంక్రాంతి పిండివంటల ధరల పట్టీ మెయిల్ చేస్తే ఆయన ఆ దేశ చట్టం గీత దాటినట్టే. అక్కడి తెలుగు సంఘాలకూ ఇది వర్తిస్తుంది. సభ్యులకు కార్యక్రమం టికెట్లు అమ్ముతూ మెయిల్ పంపవచ్చు. సభ్యత్వం ముగిసిన రెండేళ్ల తర్వాత ఆ సంబంధం చాలదు.

ఆ చట్టాన్ని మొదట ఎదుర్కొన్న కంప్యు-ఫైండర్ అనే శిక్షణ కోర్సుల సంస్థ కథ చదవదగ్గది. వెబ్‌సైట్లలో దొరికిన చిరునామాలకు మెయిళ్లు పంపినందుకు 2015 మార్చిలో 11 లక్షల కెనడా డాలర్ల జరిమానా నోటీసు వచ్చింది. చిరునామా బహిరంగంగా పెట్టుకున్నారు కదా, అదే అనుమతి అని సంస్థ వాదించింది. చట్టం భావప్రకటన స్వేచ్ఛకే విరుద్ధం అని కూడా అంది. 2017లో అక్కడి నియంత్రణ మండలి జరిమానాను 2 లక్షలకు తగ్గించింది కానీ తప్పు తప్పేనంది. 2020లో ఫెడరల్ అప్పీల్ కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. అయితే పౌరులు నేరుగా దావా వేసే భాగం 2017 జూలైలో అమలు కావాల్సి ఉండగా, వ్యాపారుల భయాలను చూసి ప్రభుత్వం నెల ముందు నిలిపేసింది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు కమిటీ కూడా చట్టంలోని మాటలు స్పష్టంగా లేవని, చిన్న సంస్థలు, ధార్మిక సంస్థలు అయోమయంలో ఉన్నాయని చెప్పింది. కఠినత్వం కంటే అస్పష్టతే వ్యాపారాన్ని ఎక్కువ భయపెడుతుందని నాకు అర్థమైంది ఇక్కడే. "రెండేళ్లు" అని అంకె చెబితే వ్యాపారి లెక్క పెట్టుకుంటాడు. "వాణిజ్య స్వభావం గల సందేశం" అంటే లాయరు దగ్గరికి వెళ్తాడు, ఆ ఖర్చు పెద్ద కంపెనీకే కుదురుతుంది.

ఇక మన దేశం. ఈమెయిల్ స్పామ్‌ను నేరుగా పట్టుకునే చట్టం మనకు లేదు. ఒకప్పుడు కొంత ఉండేది. సమాచార సాంకేతిక చట్టానికి చేసిన సవరణతో 2009లో వచ్చిన 66ఏ సెక్షన్‌లోని మూడో ఉపభాగం, ఇబ్బంది పెట్టడానికో, ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా మోసగించడానికో పంపే ఈమెయిళ్లను నేరంగా చూసింది, మూడేళ్ల దాకా జైలు అంది. ఆ సెక్షన్ స్పామర్ల మీదకు వెళ్లలేదు. ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసిన మామూలు మనుషుల మీదకు వెళ్లింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం సెక్షన్ మొత్తాన్ని కొట్టేసింది. అమెరికాలోని వర్జీనియాలో కూడా ఇలాగే జరిగింది. స్పామ్ పంపినవాడికి 9 ఏళ్ల జైలు వేసిన ఆ రాష్ట్ర చట్టాన్ని, అజ్ఞాతంగా మాట్లాడే హక్కునూ కబళిస్తోందని 2008లో అక్కడి సుప్రీంకోర్టు రద్దు చేసింది. అమ్మకం కబురునూ అభిప్రాయాన్నీ ఒకే గాటన కట్టిన చట్టం నిలవదని రెండు తీర్పులూ చెప్పాయి. చలమేశ్వర్ బెంచి తీర్పు సరైనదే. దాని తర్వాత ఖాళీ అయిన చోట, వాణిజ్య మెయిళ్లకే పరిమితమైన చిన్న చట్టం ఒకటి రావాల్సింది. పదేళ్లు దాటినా రాలేదు.

వచ్చినవన్నీ ఫోన్ల వైపు వచ్చాయి. 2007లో ట్రాయ్ కాల్ చేయకూడని నంబర్ల జాబితా పెట్టింది. 2010లో నిబంధనలు గట్టిపరిచింది. 2011 సెప్టెంబరులో ఒక సిమ్ నుంచి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లే అని పరిమితి పెట్టి, తర్వాత 200 చేసింది. మామూలు మనిషి తన స్నేహితులకు పంపుకునే సందేశాలకూ ఆ లెక్క వర్తించింది కాబట్టి 2012 జూలైలో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు కూడా చూసింది ఎన్ని వెళ్తున్నాయనే, అనుమతి ఉందా అని కాదు.

2018 జూలై 19 నాటి నిబంధనలు ఈ వరుసలో అన్నిటికంటే పెద్ద ప్రయత్నం. టెలికం కంపెనీలన్నీ కలిసి డీఎల్‌టీ అనే ఉమ్మడి డిజిటల్ ఖాతా నడపాలి. మెసేజ్ పంపదలచిన వ్యాపారి అందులో పేరు నమోదు చేయించుకోవాలి, రుసుము కట్టాలి, తన పేరును సూచించే ఆరక్షరాల హెడర్ తీసుకోవాలి, పంపబోయే ప్రతి సందేశం టెంప్లేటూ ముందే ఆమోదింపజేసుకోవాలి. పేరు, మొత్తం, తేదీ లాంటివి మారే చోట్ల మాత్రం ఖాళీలు వదలవచ్చు. వాణిజ్య సందేశాలు వద్దంటూ డీఎన్‌డీ పెట్టుకునేవారు బ్యాంకింగ్, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం, పర్యాటకం, ఆహారం అంటూ ఏది కావాలో, ఏది వద్దో వర్గాల వారీగా ఎంచుకోవచ్చు.

పెద్ద సంస్థలు దీనికి అలవాటుపడ్డాయి. చిన్న వ్యాపారికి మాత్రం ఇది బరువు. తెలుగులో రాయదలచినవాడికి మరీను. ఇంగ్లిష్ అక్షరాల్లో అయితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో అయితే 70. ఆ 70లో గుణింతపు గుర్తు, పొల్లు కూడా ఒక్కోటి ఒక్కో అక్షరం కింద లెక్క. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే ఆరు పోతాయి. అదే కబురు తెలుగులో పంపితే రెండు మూడు మెసేజ్‌ల ఖర్చు. పైగా తెలుగు టెంప్లేటును విడిగా నమోదు చేయించాలి. ఇందుకే మన ఫోన్లకు వచ్చే ఆఫర్లలో అంత తక్కువ తెలుగు కనిపిస్తుంది, కనిపించినా ఇంగ్లిష్ లిపిలోనే ఉంటుంది. నియంత్రణ నేరుగా తెలుగును వద్దనలేదు. ఖర్చు, శ్రమ కలిసి వద్దనిపించాయి. దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంతా చేస్తే స్పామ్ తగ్గిందా? హెడర్ ఉన్న ఎస్సెమ్మెస్‌లో కొంత క్రమం వచ్చిన మాట నిజం. కానీ ప్లాట్లు అమ్మేవాడు, అప్పులు ఇప్పించేవాడు డీఎల్‌టీ దగ్గరికి రాలేదు. మామూలు పదంకెల నంబర్ల నుంచి ఫోన్లు మొదలుపెట్టాడు. గుత్తగా లైన్లు తీసుకుని వేల కాల్స్ చేశాడు. నమోదైన వ్యాపారి ప్రతి వాక్యానికీ ఆమోదం కోసం ఎదురుచూస్తుంటే, నమోదు కానివాడికి ఏ అడ్డూ లేకపోయింది. ట్రాయ్ దీన్ని గుర్తించింది. 2024 ఆగస్టులో నమోదు కాని టెలిమార్కెటర్ల లైన్లు పీకేసి, రెండేళ్ల దాకా ఏ కంపెనీ కనెక్షన్ ఇవ్వకుండా నల్లజాబితాలో పెట్టమంది. కొద్ది వారాల్లోనే 2.75 లక్షల కనెక్షన్లు పోయాయి, 50 సంస్థలు నల్లజాబితాకెక్కాయి. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ముందుగా నమోదు చేయని లింకులున్న ఎస్సెమ్మెస్‌లు ఆపేశారు.

2025 ఫిబ్రవరి 12 నాటి సవరణ ఇంకొంత ముందుకు వెళ్లింది. డీఎన్‌డీ పెట్టుకోకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. మూడు రోజుల్లో కాదు, ఏడు రోజుల్లోపు చేసినా చెల్లుతుంది. నమోదు కానివాడిపై చర్య తీసుకోవడానికి ఇదివరకు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు కావాలి, ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. ఆ చర్యకు టెలికం కంపెనీలకు ఇదివరకు 30 రోజుల గడువు ఉండేది, ఇప్పుడు 5 రోజులే. హెడర్ చివర ప్రచారమో, సేవో, లావాదేవీయో, ప్రభుత్వమో తెలిపే అక్షరం వచ్చింది. ప్రచార ఫోన్లు 140తో, సేవల ఫోన్లు 1600తో మొదలవ్వాలి. స్పామ్ లెక్కలు తప్పుగా చూపే టెలికం కంపెనీకి 2 లక్షల నుంచి 10 లక్షల దాకా జరిమానా. ఇవన్నీ మంచి మార్పులే. కానీ ఇవి వాయిస్ కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకే. ఆ రెండూ బిగుసుకున్న కొద్దీ వ్యాపార సందేశాలు వాట్సాప్‌కు తరలాయి. చెల్లింపు కబురు, నగల దుకాణం ఆఫరు, కోచింగ్ సెంటర్ ప్రకటన అన్నీ అక్కడే. అందుకునేవారి అనుమతి ఉండాలన్న నియమం వాట్సాప్‌కు ఉంది, అయితే అది ఆ కంపెనీ సొంత నియమం, ట్రాయ్‌ది కాదు. గూగుల్ మెసేజింగ్‌లోని ఆర్‌సీఎస్ సందేశాల్లోనూ ఇదే జరిగింది. ప్రకటనలు శ్రుతి మించాయని జనం గోల చేశాక 2022లో గూగులే భారత్‌లో వాటిని నిలిపింది.

ఈ సందర్భంలోనే ఒక విచిత్రమైన నిజం ఒప్పుకోవాలి. ఈమెయిల్ విషయంలో మన వ్యాపారుల ప్రవర్తనను మార్చింది మన పార్లమెంటు కాదు, రెండు కంపెనీల నోటీసు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెట్టిన షరతులివి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారు తాము ఎవరో సాంకేతికంగా రుజువు చేసుకోవాలి. ఒక్క నొక్కుతో వద్దనే వీలు ఇవ్వాలి, రెండు రోజుల్లో అది అమలు చేయాలి. వెయ్యి మెయిళ్లలో మూడింటిని జనం స్పామ్ అని గుర్తుపెడితే ఇన్‌బాక్సు దారి మూసుకుపోతుంది. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటి నియమాలు తెచ్చింది. అమెరికా చట్టం 10 పనిదినాలు ఇస్తే ఈ కంపెనీలు రెండు రోజులే ఇచ్చాయి. ఫలితం మంచిదే, నేనూ సంతోషించాను. కానీ హైదరాబాదులోని ఒక చీరల వ్యాపారి మెయిళ్లు హఠాత్తుగా ఎవరికీ చేరకపోతే ఆమె ఎవరికి మొర పెట్టుకోవాలి? చట్టం అయితే అప్పీలుకు ఒక దారి ఉంటుంది. కంపెనీ నిర్ణయం మీద అప్పీలు ఆ కంపెనీకే.

అన్ని మార్గాలకూ కలిపి వర్తించే చట్టం మన దగ్గర ఇప్పుడే పుట్టింది. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నాటికి అమల్లోకి వస్తాయి. దీని పేరులో స్పామ్ లేదు. కానీ ఫోన్ నంబరూ, ఈమెయిల్ చిరునామా వ్యక్తిగత సమాచారమే కాబట్టి, వాటిని ఎందుకు వాడుతున్నావు అని అడిగే అధికారం దీనికి ఉంది. మార్గం ఏదైనా సరే. అనుమతి స్వేచ్ఛగా, ఫలానా పనికే, తెలిసి, షరతుల్లేకుండా, స్పష్టమైన చర్యతో ఇవ్వాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. అనుమతి అడిగే మాటలు ఇంగ్లిష్‌లోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనో చూసుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో అడగమని కోరే హక్కు మనకు వస్తోంది. పిల్లలను గురిపెట్టే ప్రకటనలు కుదరవు.

ఈ చట్టంలోని ఒక ఉదాహరణ మన దుకాణాలకు నేరుగా తగులుతుంది. ఒకావిడ మందుల దుకాణంలో కొని, రసీదు ఫోనుకు పంపమని నంబరు ఇస్తుంది. రసీదు పంపడానికి ఆ నంబరు వాడవచ్చు అని చట్టం చెబుతుంది. అంతవరకే. మర్నాడు విటమిన్ మాత్రల ఆఫరు పంపడానికి అది సరిపోదు. మన ఊళ్లలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర జరిగేది ఏమిటో అందరికీ తెలుసు. నంబరు చెప్పకపోతే బిల్లు రాదంటారు. వెనక జనం నిలబడి ఉంటారు, చెప్పేస్తాం. 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇలా పట్టుబట్టడం సరికాదని వ్యాపార సంఘాలకు సలహా పంపింది. ఆ నంబర్లు ఆ తర్వాత ఎవరి చేతికి వెళ్తాయో, ఎన్ని బల్క్ ఎస్సెమ్మెస్ ఏజెన్సీల ఎక్సెల్ పట్టీల్లో తిరుగుతాయో కొన్న మనిషికి తెలియదు. మన స్పామ్‌లో చాలాభాగం ఆ కౌంటర్ దగ్గరే మొదలవుతోందన్నది నా నమ్మకం.

చట్టంలో లోటుపాట్లు ఉన్నాయి. 250 కోట్ల జరిమానా అని ప్రచారమైన అంకె సమాచార భద్రతలో వైఫల్యానికి. అనుమతి లేకుండా వాడినందుకు పడేది 50 కోట్ల దాకా. అదీ చిన్నదేం కాదు. కానీ నష్టపోయిన మనిషికి ఒక్క రూపాయి రాదు, మొత్తం ప్రభుత్వ ఖజానాకే. పాత ఐటీ చట్టంలో పరిహారం ఇప్పించే 43ఏ సెక్షన్‌ను ఈ చట్టం తీసేస్తోంది. పైగా పనికిమాలిన ఫిర్యాదు చేసిన పౌరుడికి 10,000 దాకా జరిమానా ఉంది. పాత జాబితాల సంగతి ఇంకా ముఖ్యం. చట్టం రాకముందు అనుమతి ఇచ్చినవారికి ఒక నోటీసు పంపి, వాళ్లు వద్దనేవరకు వాడుకోవచ్చు. ఇన్నేళ్లుగా కౌంటర్ల దగ్గర పోగైన నంబర్లన్నీ "అనుమతితో" వచ్చినవేనని వ్యాపారులు అంటారు. కాదని ఎలా నిరూపిస్తాం? కెనడా అయితే రుజువు నువ్వే చూపమంటుంది. ఇక్కడ కూడా వివాదం వస్తే రుజువు సంస్థే చూపాలని చట్టంలో ఉంది. దాన్ని పాత జాబితాలకూ నిక్కచ్చిగా వర్తింపజేస్తారా అన్నది ఈ చట్టాన్ని అమలుచేసే సమాచార రక్షణ బోర్డు మొదటి ఆదేశాల్లో తేలాలి.

వ్యాపారుల వాదన కూడా వినాలి. కొత్తగా అంగడి పెట్టినవాడు తనున్నానని చెప్పుకోకపోతే కొనేవాడెవరు, ముందే అనుమతి అంటే పేరున్న పెద్ద కంపెనీలకే లాభం కదా అంటారు. ఈ మాటలో బలం ఉంది. కోట్ల నంబర్లు, యాప్‌లు చేతిలో ఉన్నవాడికి అనుమతి సంపాదించడం తేలిక. కానీ అడగకుండా పంపే స్వేచ్ఛ ఉన్నచోట గెలిచేది కూడా చిన్నవాడు కాదు, ఎక్కువ పంపగలవాడే. పదివేల మంది ముక్కూమొహం తెలియని వారి జాబితా కంటే, "కొత్త మాగాయ వస్తే చెప్పండి" అని స్వయంగా అడిగిన రెండు వందల మంది పేర్లు పచ్చళ్ల వ్యాపారికి ఎక్కువ విలువైనవి. ఆ మెయిళ్లు తెరుచుకుంటాయి, వాటిని ఎవరూ స్పామ్‌లో వేయరు, జీమెయిల్ దగ్గర ఆయన పేరు చెడదు.

ఒక వర్గాన్ని మాత్రం ఈ చట్టాలు దాదాపు ముట్టుకోలేదు. రాజకీయ పార్టీలు. అమెరికా చట్టం వాణిజ్య మెయిళ్లకే. మన ట్రాయ్ నిబంధనలూ వాణిజ్య సందేశాలకే. ఎన్నికల్లో గుత్తగా పంపే ఎస్సెమ్మెస్‌లకు, రికార్డు చేసిన గొంతు కాల్స్‌కు ఎన్నికల సంఘం ముందస్తు ఆమోదం కావాలి, అయితే అది చెప్పే విషయానికి ఆమోదం, మన నంబరు వాడడానికి కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎన్నికలప్పుడు ఫోను మోగని ఇల్లు లేదు. ప్రచార నంబర్లు ఎక్కడివని ఒక దుకాణదారును అడిగే రాజ్యం అదే ప్రశ్న పార్టీలనూ అడగాలి.

ట్రాయ్, రిజర్వు బ్యాంకు కలిసి 2025 జూన్‌లో కొన్ని బ్యాంకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. కాగితం మీద ఎప్పుడో తీసుకున్నామని చెప్పే, రుజువు చేయలేని అనుమతుల బదులు, వినియోగదారు ఇచ్చిన అనుమతిని డిజిటల్‌గా నమోదు చేసి, ఎప్పుడంటే అప్పుడు చూసుకుని రద్దు చేసుకునే వీలు కల్పించడం దాని ఉద్దేశం. మార్గం కంటే అనుమతిని ముందు చూసే పద్ధతి ఇది, ఇన్నాళ్లకు. బ్యాంకులతో ఆగకుండా వాట్సాప్‌కూ, ఈమెయిల్‌కూ ఇదే నమోదు చెల్లేలా చేయాలి. అనుమతి అడిగే వాక్యం తెలుగులో, చదవలేనివారికి తెలుగు గొంతులో ఉండాలి. ఏటా కొద్దిపాటి వ్యాపారం చేసేవారికి రుసుము ఉండకూడదు. 2027 మే లోపు ట్రాయ్, సమాచార రక్షణ బోర్డు కూర్చుని తేల్చుకోవాల్సిన పని ఇది. తేల్చకపోతే ఒకే ఆఫరు మీద ఒక వ్యాపారి రెండు సంస్థలకు, రెండు రకాల అనుమతి పత్రాలతో, సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.